ఫైర్‌వైర్ పోర్టు లేని రోజుల్లో మినీడీవీ పెళ్ళి క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

2000 నుంచి 2010 మధ్య మీ ఇంట్లో పెళ్ళో, ఓణీల ఫంక్షనో, గృహప్రవేశమో జరిగి ఉంటే ఒకసారి బీరువా పై అర వెతకండి. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉండే చిన్న క్యాసెట్లు కనిపిస్తే అవి మినీడీవీ క్యాసెట్లు. దొరికితే మీరు అదృష్టవంతులే. అప్పట్లో చాలామంది వీడియోగ్రాఫర్లు మిక్సింగ్ అయిపోగానే అదే క్యాసెట్ మీద ఇంకో పెళ్ళి తీసేసేవాళ్ళు. పట్టుబట్టి అడిగి, క్యాసెట్ల డబ్బులు విడిగా ఇచ్చి తెచ్చుకున్న ఇళ్ళలోనే అవి మిగిలాయి.

"డీవీడీ ఉందిగా, మళ్ళీ ఇదెందుకు?" అని ఇంట్లో అడుగుతారు. మా ఇంట్లోనూ అడిగారు. మా అక్క పెళ్ళి 2004లో జరిగింది. మిక్సింగ్ చేసి ఇచ్చిన డీవీడీలో తలంబ్రాల దగ్గర్నుంచి అప్పగింతల దాకా అన్నిటి మీదా సినిమా పాటలే. ఎవరు ఏం మాట్లాడారో ఒక్క ముక్క వినపడదు. పైగా గులాబీ రేకుల మధ్య గుండ్రంగా తిరిగే ఫొటోలు. అదే ఒరిజినల్ క్యాసెట్లో అయితే పెళ్ళిమంత్రాలు, మా పెద్దమ్మ నవ్వు, సాంబారు పల్చగా ఉందని వంటాయనతో నాన్న పడిన గొడవ, అన్నీ ఉన్నాయి. నాన్న గొంతు ఇప్పుడు వినాలంటే నాకు ఆ క్యాసెట్ తప్ప వేరే దారి లేదు.

సమస్య ఏమిటంటే, ఆ క్యాసెట్‌లోది ఉన్నదున్నట్టుగా బయటికి రావాలంటే కెమెరాను ఫైర్‌వైర్ అనే ప్రత్యేక రకం కేబుల్‌తో కంప్యూటర్‌కు కలపాలి. ఇవాళ షాపులో కొనే ఏ కంప్యూటర్‌కూ ఆ పోర్టు ఉండదు.

ఇక్కడ కాసేపు నా అక్కసు తీర్చుకోనివ్వండి, పని మొదలుపెట్టే ముందు అదీ కొంత ఉపయోగపడుతుంది. ఫైర్‌వైర్‌ను పుట్టించడంలో ముందున్నది యాపిలే. 1995లో అది ఐఈఈఈ 1394 అనే ప్రమాణంగా ఖాయమైంది. సోనీ దాన్నే ఐ.లింక్ అని పిలిచింది. 1999 జనవరిలో నీలం, తెలుపు రంగుల పవర్ మ్యాక్ జీ3కి ఆ పోర్టు పెట్టారు. అదే ఏడాది అక్టోబరులో ఐమ్యాక్ డీవీ, దానితోపాటు వీడియో ఎడిటింగ్ ప్రోగ్రాం ఐమూవీ వచ్చాయి. కెమెరా తగిలించండి, ఇంట్లోనే సినిమా కోసుకోండి అన్నది అప్పటి ప్రచారం. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్‌లోకి పాటలు ఎక్కాలన్నా ఫైర్‌వైరే గతి.

2008 అక్టోబరులో కొత్త అల్యూమినియం మ్యాక్‌బుక్ నుంచి ఆ పోర్టు మాయమైంది. కొన్నవాళ్ళు గోల పెట్టారు. కొత్త హెచ్‌డీ కెమెరాలన్నీ యూఎస్‌బీకి మారిపోయాయి కదా అని ఒక కస్టమర్‌కు స్టీవ్ జాబ్స్ మెయిల్లో జవాబిచ్చినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. కొత్త కెమెరాల మాట నిజమే కావచ్చు, మరి అప్పటికే బీరువాల్లో ఉన్న క్యాసెట్ల సంగతి? 2009 జూన్‌లో ఆ 13 అంగుళాల మోడల్‌కే మ్యాక్‌బుక్ ప్రో అని పేరు మార్చి, పోర్టు తిరిగి పెట్టారు. 2012లో మరింత స్పష్టమైన తెర ఉన్న రెటీనా మోడళ్ళతో మళ్ళీ తీసేశారు. అడాప్టర్ అమ్మారు, కొన్నాళ్ళకు దాన్నీ ఆపేశారు. చివరికి 2025 సెప్టెంబరులో విడుదలైన యాపిల్ ఆపరేటింగ్ సిస్టం మ్యాక్‌ఓఎస్ 26 టహోలో ఫైర్‌వైర్ సపోర్టునే తొలగించారు. పోర్టు తీసేస్తే అడాప్టర్ కొనుక్కుని బతకొచ్చు. సిస్టంలోంచే తీసేస్తే మీ దగ్గరున్న అడాప్టర్ కూడా పనికిరాదు.

అందుకే కొత్త కంప్యూటర్‌ను ఒప్పించే ప్రయత్నంలో డబ్బు, ఓపిక పోగొట్టుకోకండి. పాత కంప్యూటర్ ఒకటి సంపాదించి, దాన్ని అప్‌డేట్ల నుంచి కాపాడుకుని, ఒక నెలలో పని ముగించుకోండి. కింద చెప్పబోయేదంతా ఆ లెక్కలోనే ఉంటుంది.

మొదట, కొనకూడనిది

ఆన్‌లైన్‌లో వెతికితే ఒక చివర చిన్న ఫైర్‌వైర్ ప్లగ్గు, ఇంకో చివర యూఎస్‌బీ ప్లగ్గు ఉన్న కేబుల్ చవగ్గా కనిపిస్తుంది. నేనూ ఒకటి కొన్నాను. రెండు రోజులు కెమెరా ఆపి, వేసి, డ్రైవర్లు వెతికి, చివరికి తప్పు నాది కాదని తెలుసుకున్నాను. ఆ కేబుల్ పనిచేయదు, పనిచేయడం కుదరదు కూడా.

కారణం ఇదీ. యూఎస్‌బీలో పెత్తనమంతా కంప్యూటర్‌ది. అది అడిగితేనే అవతలి పరికరం మాట్లాడుతుంది. ఫైర్‌వైర్‌లో రెండు వైపులా సమానమే. కంప్యూటర్ లేకుండా రెండు కెమెరాలను ఒకదానికొకటి తగిలించి క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు కాపీ చేసుకోవచ్చు. వీడియో కోసం సెకనుకు 8,000 సార్లు దాని వంతు సమయం దానికి కేటాయించి ఉంటుంది, కాబట్టి డేటా ఆగకుండా ధారగా వస్తుంది. ఈ రెండు పద్ధతులకూ మధ్య ఉత్త రాగితీగ దుబాసీ పని చేయలేదు.

మీ కెమెరాకు యూఎస్‌బీ పోర్టు కూడా ఉండొచ్చు. "మరి ఇది సరిపోదా?" అనిపిస్తుంది. చాలా మినీడీవీ కెమెరాల్లో అది మెమరీ కార్డులోని ఫొటోలు తీసుకోవడానికో, వెబ్‌క్యామ్‌లా నాసిరకం వీడియో పంపడానికో పెట్టింది. క్యాసెట్‌లోని అసలు సరుకు దాంట్లోంచి రాదు.

రెండో పని, కెమెరా

క్యాసెట్ ఆడించడానికి కెమెరా కావాలి. మీ ఇంట్లోదే ఉంటే మంచిది. పెళ్ళి వీడియోగ్రాఫర్ తీసిన క్యాసెట్ అయితే ఆయన్నే అడగండి. సోనీ పీడీ170, పానాసోనిక్ ఎండీ10000 లాంటివి మన ఊళ్ళలో బాగా తిరిగిన కెమెరాలు. చాలామంది వాటిని అమ్మకుండా అటక మీద పడేసి ఉంచారు. ఒక వారానికి అద్దెకిస్తారేమో కనుక్కోండి. క్యాసెట్ తీసిన కెమెరాలోనే ఆడిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే ఒక్కో కెమెరాలో టేపును చదివే హెడ్డు అమరిక వెంట్రుకవాసి తేడాగా ఉంటుంది. ఎల్‌పీ మోడ్‌లో, అంటే 60 నిమిషాల క్యాసెట్ మీద 90 నిమిషాలు తీసినవి, వేరే కెమెరాలో వేస్తే బొమ్మ ఊరికే గళ్ళు గళ్ళుగా విరిగిపోతుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. ఇండియాలో తీసిన క్యాసెట్లు పాల్ అనే వీడియో పద్ధతివి. అక్కడ సెకండ్‌హ్యాండ్‌లో దొరికే కెమెరాలు ఎన్‌టీఎస్‌సీ అనే వేరే పద్ధతివి. అందులో మన క్యాసెట్ వేస్తే మామూలుగా ఆడదు. కాబట్టి సూట్‌కేసులో క్యాసెట్లు మోసుకెళ్ళే బదులు, సెలవుల్లో వచ్చినప్పుడు పని ఇక్కడే చేయించుకుని హార్డ్‌డిస్క్ పట్టుకెళ్ళండి. అక్కడ పిల్లల బారసాలో, పుట్టినరోజో తీసిన క్యాసెట్లు మీ దగ్గరుంటే మాత్రం వాటికి అక్కడి కెమెరానే కావాలి.

సెకండ్‌హ్యాండ్ కెమెరా కొంటుంటే పనికిరాని క్యాసెట్ ఒకటి జేబులో వేసుకుని వెళ్ళండి. షాపులోనే దాన్ని వేసి, ఆడించి, ముందుకీ వెనక్కీ తిప్పి, బయటికి తీసి చూడండి. క్యాసెట్ తలుపు సగంలో ఆగినా, తీసినప్పుడు టేపు లోపల చిక్కుకున్నా వద్దని వచ్చేయండి. వెనకున్న చిన్న ఫైర్‌వైర్ పోర్టు కూడా చూడండి. డీవీ అనో, ఐ.లింక్ అనో రాసి ఉంటుంది. అందులో నాలుగు పిన్నులూ వంకర లేకుండా ఉండాలి. అసలు పెళ్ళి క్యాసెట్‌ను మాత్రం పరీక్షకు వాడకండి.

మూడో పని, కంప్యూటర్

ఇక్కడ మూడు దారులున్నాయి. నాకు నచ్చిన వరుసలో చెబుతాను.

అన్నిటికన్నా తేలికైనది పాత విండోస్ లాప్‌టాప్. 2004–2010 మధ్య వచ్చిన డెల్, హెచ్‌పీ, సోనీ వయో లాప్‌టాప్‌లలో చాలావాటికి పక్కన చిన్న నాలుగు పిన్నుల పోర్టు ఉంటుంది. దాని పక్కన 1394 అనో, ఎస్400 అనో రాసి ఉంటుంది. చాలామంది ఇళ్ళలో ఈ లాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయి మూలన పడి ఉంది, దానికి ఆ పోర్టు ఉందని కూడా వాళ్ళకు తెలియదు. ఛార్జర్ పెట్టి ఆన్ అయితే చాలు. ఎక్స్‌పీ అయినా, విండోస్ 7 అయినా పర్వాలేదు. దానికి ఇంటర్నెట్ కలపకండి, మనకు అక్కర్లేదు. రెండు చివర్లా నాలుగు పిన్నులున్న కేబుల్ ఒకటి తెచ్చుకోండి.

రెండోది డెస్క్‌టాప్‌కు ఫైర్‌వైర్ కార్డు వేయించడం. కాస్త కొత్త డెస్క్‌టాప్ అయినా లోపల పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఖాళీగా ఉంటే చాలు. హైదరాబాద్‌లో అయితే సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పాత సామాను అమ్మేవాళ్ళను అడగండి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్న కార్డు దొరికితే తీసుకోండి, కెమెరాలతో గొడవ తక్కువ. విండోస్ 10, 11లలో కార్డు కనిపించినా కెమెరా కనిపించకపోవచ్చు. అప్పుడు కంగారు పడకండి. మైక్రోసాఫ్ట్ విడిగా ఇచ్చిన 1394 లెగసీ డ్రైవర్ దించుకుని ఇన్‌స్టాల్ చేసి, డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు మీద రైట్ క్లిక్ చేసి, డ్రైవర్ అప్‌డేట్‌లో లిస్ట్ నుంచి మీరే ఎంచుకునే ఆప్షన్‌కు వెళ్ళి, పేరు చివర లెగసీ అని ఉన్నది పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే మామూలుగా కెమెరా ప్రత్యక్షమవుతుంది.

మీకు లినక్స్ అలవాటుంటే ఇదే డెస్క్‌టాప్‌లో అది వేసుకోండి, డ్రైవర్ల గోల ఉండదు. లినక్స్ కెర్నెల్‌లో, అంటే దాని మూలభాగంలో, ఫైర్‌వైర్ భాగాన్ని చూసుకునే బాధ్యత 2023లో జపాన్‌కు చెందిన తకాషి సకమోటో అనే ఆయన తీసుకున్నారు. 2029 దాకా చూస్తానని ఆయన చెప్పారు. ఇంత పెద్ద కంపెనీ చేతులెత్తేసిన చోట ఒక మనిషి ముందే గడువు చెప్పి మరీ నిలబడటం నాకు ముచ్చటేసింది. ఆ గడువు మనకూ గుర్తుండాలి.

మూడోది మ్యాక్. 2012 నాటి రెటీనా కాని మ్యాక్‌బుక్ ప్రో, 2012 చివర్లో వచ్చిన మ్యాక్ మినీ, వీటికి తొమ్మిది పిన్నుల ఫైర్‌వైర్ 800 పోర్టు అసలు ఉండనే ఉంది. ఆ 13 అంగుళాల లాప్‌టాప్‌ను 2016 దాకా అమ్మారు కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో దొరకడం కష్టం కాదు. తొమ్మిది పిన్నుల నుంచి నాలుగు పిన్నులకు వెళ్ళే కేబుల్ కొనుక్కుంటే సరి.

కొత్త మ్యాక్ మాత్రమే ఉందంటే అడాప్టర్ల గొలుసు కట్టాలి. మ్యాక్‌కున్న వేగవంతమైన థండర్‌బోల్ట్ పోర్టుకు థండర్‌బోల్ట్ 3 నుంచి 2కు మార్చే అడాప్టర్, దాని చివర థండర్‌బోల్ట్ నుంచి ఫైర్‌వైర్‌కు మార్చే అడాప్టర్, దానికి తొమ్మిది–నాలుగు పిన్నుల కేబుల్, చివర కెమెరా. చూడ్డానికి మన పాత ఇళ్ళలో ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించినట్టు ఉంటుంది. కొత్తగా వచ్చినప్పుడు అమెరికాలో మొదటిది 49 డాలర్లు, రెండోది 29 డాలర్లు. ఆపేసిన సరుకు కాబట్టి ఇప్పుడు అమ్మేవాడు చెప్పిందే రేటు. ఇక్కడ రెండు మోసాలు జరుగుతాయి. మొదటి అడాప్టర్ ఆకారంలోనే మినీ డిస్‌ప్లేపోర్ట్ అడాప్టర్లు ఉంటాయి, అవి టీవీకి బొమ్మ పంపడానికే పనికొస్తాయి. మెరుపు గుర్తు ఉందో లేదో చూసి కొనండి. రెండోది, యూఎస్‌బీ-సీ ఆకారంలో ఉన్న ప్రతి పోర్టూ థండర్‌బోల్ట్ కాదు.

ఈ గొలుసు మ్యాక్‌ఓఎస్ 15 సెకోయా వరకే. మీ మ్యాక్ ఇంకా సెకోయాలోనో, అంతకన్నా పాతదానిలోనో ఉంటే ఈ పని అయ్యేదాకా అప్‌డేట్ బటన్ నొక్కకండి. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయండి. ఇప్పటికే టహో వేసేసి ఉంటే, 2025 సెప్టెంబరుకు ముందు వచ్చిన మోడల్ అయిన పక్షంలో బయటి ఎస్‌ఎస్‌డీ మీద సెకోయా వేసి దాన్నుంచి బూట్ చేయొచ్చు. ఇంత చేసే బదులు పాత లాప్‌టాప్ వెతుక్కోవడం నయం అని నా అభిప్రాయం.

నాలుగో పని, క్యాసెట్ల తయారీ

ప్రతి క్యాసెట్ వెన్ను మీద చిన్న జారే ట్యాబ్ ఉంటుంది. దాన్ని సేవ్ వైపుకు జరపండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోదు. ఇది అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని, దయచేసి వాయిదా వేయకండి.

క్యాసెట్‌కున్న చిన్న కిటికీలోంచి టేపు చుట్ట కనిపిస్తుంది. దాని అంచు మీద తెల్లటి పొడిలా, సాలెగూడులా ఏమైనా ఉంటే అది ఫంగస్. మన కోస్తా తేమకు అది మామూలే. అలాంటిది కెమెరాలో పెట్టొద్దు. పెడితే హెడ్డుకు అంటి, తర్వాతి క్యాసెట్లన్నిటికీ పాకుతుంది. దాన్ని విడిగా కవర్లో పెట్టి, టేపులు శుభ్రం చేసేవాళ్ళకే ఇవ్వండి.

బాగున్న క్యాసెట్లను చివరిదాకా ఒకసారి ముందుకు, మళ్ళీ మొదటికి తిప్పండి. ఇరవై ఏళ్ళుగా కదలకుండా అతుక్కున్న పొరలు విడతాయి, టేపు బిగువు సమానమవుతుంది. ఏసీ గదిలోంచి ఉక్కపోత గదిలోకి కెమెరా తెస్తే లోపల చెమ్మ పడుతుంది. నీటిచుక్క గుర్తు వచ్చిందంటే క్యాసెట్ తలుపు తెరిచి గంటసేపు వదిలేయండి. హెయిర్ డ్రయర్ పెట్టొద్దు.

హెడ్డు శుభ్రం చేసే పొడి క్లీనింగ్ క్యాసెట్ ఒకటి దగ్గరుంచుకోండి. దాన్ని వేసి పది సెకన్లు మించకుండా ఆడించాలి. అది గరుకుగా ఉంటుంది, నిమిషాల కొద్దీ తిప్పితే హెడ్డే అరిగిపోతుంది.

ఐదో పని, తగిలించడం

ఇది చిన్న పనే గానీ కెమెరాలు ఎక్కువగా చచ్చేది ఇక్కడే. కంప్యూటర్ వైపు ఆరు లేదా తొమ్మిది పిన్నుల పోర్టులో కరెంటు కూడా వస్తుంది. ఆరు పిన్నుల ప్లగ్గును బలవంతంగా తిరగేసి గుచ్చితే ఆ కరెంటు కెమెరాలోకి పోయి, దాని పోర్టు కాలిపోతుంది. అందుకని రెండూ ఆఫ్ చేసి, కేబుల్ పెట్టి, ముందు కంప్యూటర్, తర్వాత కెమెరా ఆన్ చేయండి. కెమెరాను బ్యాటరీ మీద కాకుండా దాని అడాప్టర్ మీద నడపండి. వీసీఆర్ లేదా ప్లే మోడ్‌లో పెట్టండి, కెమెరా మోడ్‌లో కాదు. నాలుగు పిన్నుల చివర మహా సున్నితం. కేబుల్ కాలికి తగలని చోట టేబుల్‌కు టేప్ అంటించి కట్టేయండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే తలుపు గడియ పెట్టుకోవడమే మంచిది.

2006 తర్వాతి క్యాసెట్లయితే హెచ్‌డీవీలో, అంటే హెచ్‌డీ వీడియోగా, తీసి ఉండొచ్చు. క్యాసెట్ అదే, లోపలి సరుకు వేరు. కెమెరా మెనూలో హెచ్‌డీవీ నుంచి డీవీకి మార్చే ఐ.లింక్ కన్వర్షన్ ఆన్‌లో ఉంటే ఆపేయండి, లేకపోతే హెచ్‌డీ బొమ్మ కాస్తా చిన్నదైపోయి దిగుతుంది. ఈ మార్పు కేబుల్ తగిలించక ముందే చేయాలి.

ఆరో పని, క్యాప్చర్

కంప్యూటర్‌లో ఖాళీ చూసుకోండి. మినీడీవీ క్యాసెట్‌లోని డీవీ వీడియో గంటకు సుమారు 13 జీబీ. మా తొమ్మిది క్యాసెట్లకు 120 జీబీ దాకా పట్టింది. డిస్క్ ఫార్మాట్ ఫ్యాట్32 అయి ఉండకూడదు. అందులో ఒక ఫైలు 4 జీబీ దాటదు కాబట్టి 18 నిమిషాలకే, సరిగ్గా మంగళసూత్రం కట్టే ముందు, ఆగిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టండి.

విండోస్‌లో విన్‌డీవీ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం చాలు. పాతది, చూడ్డానికి ఏమీ ఉండదు, పని మాత్రం చేస్తుంది. సెట్టింగుల్లో టైప్-2 ఏవీఐ పెట్టండి. లినక్స్‌లో డీవీగ్రాబ్ అనే ప్రోగ్రాం. దానికి ఆటోస్ప్లిట్, టైమ్‌స్టాంప్ ఆప్షన్లు ఇస్తే కెమెరా ఎక్కడెక్కడ ఆపి మొదలుపెట్టారో అక్కడ ఫైలు తెంచి, తీసిన తేదీ, సమయం ఫైలు పేరుగా పెడుతుంది. ఇది నాకు ఎంత ఉపయోగపడిందో చెప్పలేను. తెల్లవారుజామున నాలుగింటి ముహూర్తం ఏ ఫైల్లో ఉందో పేరు చూస్తే తెలిసిపోయింది. కెమెరా గడియారం సరిగ్గా పెట్టిన ఆ వీడియోగ్రాఫర్‌కు దండం. ఈ తేదీ క్యాసెట్ మీద డిజిటల్‌గా దాగి ఉంటుంది, ఫైర్‌వైర్ ద్వారా తీసినప్పుడే వస్తుంది. మ్యాక్‌లో ఐమూవీ ఇంపోర్ట్ విండోలో కెమెరా పేరు కనిపిస్తుంది, కెమెరాను అక్కణ్ణుంచే ఆడించొచ్చు, ఆపొచ్చు.

గంట క్యాసెట్‌కు గంట పడుతుంది. తొందరపెట్టే మార్గం లేదు. ఆ గంటసేపు కంప్యూటర్ నిద్రపోకుండా స్లీప్ ఆపేయండి, యాంటీవైరస్ స్కాన్ ఆపండి, అదే డిస్క్ మీద వేరే పని పెట్టకండి. మీరు మాత్రం పక్కనే కూర్చుని చూడండి. మేం అందరం కలిసి చూశాం. పని ఒక వారం అనుకున్నది మూడు వారాలైంది, ఎందుకంటే ప్రతి క్యాసెట్‌కూ ఎవరో ఒకరు "ఆగు, వెనక్కి తిప్పు" అనేవాళ్ళు. దిగుతున్నప్పుడు తిప్పనివ్వకండి. ఫైలు అయ్యాక చూసుకోవచ్చు.

మొదటి క్యాసెట్ అవగానే ఫైలు లెక్క సరిచూడండి. పాల్ క్యాసెట్ అయితే 720 బై 576, సెకనుకు 25 ఫ్రేములు, గంటకు 13 జీబీ ఉండాలి. గంటకు రెండు జీబీలే వస్తే ఆ ప్రోగ్రాం దాన్ని మధ్యలో కుదించేసిందని అర్థం. మళ్ళీ తీయాల్సిందే.

గళ్ళు గళ్ళుగా వస్తే

బొమ్మ మీద చతురస్రాలు పేలినట్టు కనబడి, చప్పుడు తెగితే భయపడకండి. ముందు హెడ్డు శుభ్రం చేసి, అదే భాగం మళ్ళీ తీయండి. రెండోసారి గళ్ళు వేరే చోట వస్తే అది శుభసూచకం, అంటే టేపు మీద డేటా ఉంది, చదవడంలోనే ఇబ్బంది. అప్పుడు మూడు నాలుగు సార్లు తీసి ఉంచుకోండి. మీడియాఏరియా వాళ్ళ డీవీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఈ కాపీలన్నిటినీ పోల్చి, ఒక్కో ఫ్రేములో బాగున్న ముక్కలను ఏరి, ఒకే ఫైలుగా కలుపుతుంది. మొదట వాడటం కాస్త తికమకగానే ఉంటుంది. మా అప్పగింతల క్యాసెట్ ఇలాగే బతికింది. ప్రతిసారీ అదే చోట అదే గళ్ళు వస్తే మాత్రం అక్కడ టేపే దెబ్బతింది, వదిలేయండి.

మాట ఒకచోట, పెదవులు ఒకచోట కదులుతుంటే, క్యాసెట్ మధ్యలో ఆడియో సెట్టింగు మారి ఉండొచ్చు. కెమెరాల్లో 32 కిలోహెర్ట్జ్ 12 బిట్, 48 కిలోహెర్ట్జ్ 16 బిట్ అని రెండు రకాలుంటాయి. ఫైలును అక్కడ తెంచి వేరు చేస్తే సర్దుకుంటుంది.

ఫైర్‌వైర్ అసలే కుదరకపోతే

కెమెరా ఫైర్‌వైర్ పోర్టు కాలిపోయి, వేరేది దొరక్కపోతే చివరి దారి ఉంది. ఏవీ అవుట్‌కు పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల కేబుల్ పెట్టి, యూఎస్‌బీ క్యాప్చర్ డాంగిల్‌తో తీయడం. ఎస్-వీడియో ఉంటే పసుపు పిన్ను బదులు అది వాడండి, రంగులు నయంగా ఉంటాయి. ఈ పద్ధతిలో డిజిటల్‌గా ఉన్నది అనలాగ్ అయి, మళ్ళీ డిజిటల్ అవుతుంది. జిరాక్స్‌కు జిరాక్స్ తీసినట్టు. తేదీలు పోతాయి. అయినా అసలు లేకపోవడం కన్నా మేలే.

బయట చేయించుకోవాలనుకుంటే, మీ ఊళ్ళో పాత మిక్సింగ్ షాపు ఇంకా నడుస్తోందేమో కనుక్కోండి. వాళ్ళ దగ్గర ఫైర్‌వైర్ కార్డున్న ఎక్స్‌పీ కంప్యూటర్ మూల కూర్చుని ఉంటుంది. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఫైర్‌వైర్ ద్వారా క్యాప్చర్ చేసి, కుదించకుండా డీవీ ఫైలే ఇస్తారా?" "డీవీడీ చేసిస్తాం సార్, ఎంపీ4 ఇస్తాం మేడం" అంటే మర్యాదగా క్యాసెట్లు వెనక్కి తీసుకోండి. పాటలు వేస్తామంటే మర్యాద కూడా అక్కర్లేదు.

చివరి పని, దాచడం, పంచడం

దిగిన డీవీ ఫైళ్ళను ముట్టుకోకండి, అవే మీ అసలు. వాటిని రెండు వేర్వేరు హార్డ్‌డిస్క్‌ల మీద పెట్టి, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న అన్నయ్య దగ్గరో, చెల్లెలి దగ్గరో ఉంచండి. పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోవద్దు.

ఫ్యామిలీ గ్రూపులో పంచడానికి హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాంలో ఎంపీ4 కాపీ చేసుకోండి. అందులో డీఇంటర్‌లేస్ ఆన్ చేయడం మరిచిపోకండి. లేకపోతే ఎవరైనా చెయ్యి ఊపినప్పుడల్లా అంచులు దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి. మనుషులు లావుగా సాగిపోయి కనిపిస్తే 4:3 బొమ్మను 16:9గా చూపిస్తోందని అర్థం, ఆ నిష్పత్తి సరిచేయండి. మా బావ మాత్రం సాగిన వెర్షనే చూసి "నేనప్పుడే ఇంత లావుగా ఉన్నానా" అని రెండు రోజులు బాధపడ్డాడు.

క్యాసెట్లు పారేయకండి. మొదటికి తిప్పి, డబ్బాల్లో నిలువుగా నిలబెట్టి, మీద ఏ ఫైలు పేరుతో దిగిందో రాసి, సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. ఆ పాత లాప్‌టాప్‌ను, కెమెరాను, ఆ కేబుల్‌ను కూడా ఒకే అట్టపెట్టెలో ఉంచండి. మీ ఇంట్లో పని అయిందని తెలిస్తే పిన్నిగారి ఇంటి నుంచి ఫోను వస్తుంది. వాళ్ళ దగ్గర పన్నెండు క్యాసెట్లున్నాయట.